నాలుగడుగుల తాళం

మా మేనకోడలి పదో పుట్టినరోజుకి అందరం కలిసి హైదరాబాదులో ఒక మాల్‌కి వెళ్లాం. నాలుగో అంతస్తులో బౌలింగ్ ఆట. అద్దె బూట్లు వేసుకుని, వరసగా పేర్చిన బంతుల్లోంచి 14 అంకె ఉన్నదాన్ని ఎత్తాను. 14 అంటే 14 పౌండ్లు, ఆరు కిలోల పైమాటే. పిల్లల ముందు చిన్న బంతి పట్టుకోవడం నామోషీ కదా! పరుగులాంటి నడకతో నాలుగంగలు వేసి, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. బంతి దబ్బున చెక్క మీద పడింది, పక్కనున్న కాలవలోకి దొర్లింది, పిన్నుల్ని పలకరించకుండా వాటి పక్కనుంచే వెళ్లిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

"మావయ్యా, నీ బాల్‌కి ఆ కాలవంటే ఇష్టంలా ఉంది" అంది మేనకోడలు. తను ఆరు పౌండ్ల బంతిని రెండు చేతులతో కాళ్ల మధ్యనుంచి ముందుకి తోసి, ఏడు పిన్నులు పడగొట్టి వచ్చింది.

పక్క లేన్‌లో ఒక పెద్దాయన ఒక్కరే ఆడుకుంటున్నారు. సొంత బూట్లు, సొంత బంతి తెచ్చుకున్న మనిషి. నా అవస్థ కాసేపు ఓపిగ్గా చూసి, ఇక ఉండబట్టలేక దగ్గరికొచ్చారు. "ఏమీ అనుకోకండి సార్. మీరు బంతిని విసురుతున్నారు. అది ఊగాలి. మీ చెయ్యి ఒక పాటకి ఆడుతోంది, కాళ్లు ఇంకో పాటకి ఆడుతున్నాయి" అన్నారు.

ఈ ఆటలో వాయిద్యం ఏమిటో, తాళం ఎవరు వేస్తారో అప్పటికి నాకు తెలీదు. ఆ మాట మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి కాగితం, పెన్ను తీశాను. లెక్కలు వేస్తూ పోతే, నేను ఎప్పుడో ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌లో చేసి మర్చిపోయిన ప్రయోగం దగ్గరికి వచ్చి ఆగాను.

ముందు ఆట జరిగే చోటు కొలతలు చూద్దాం. తప్పు ఎంత చిన్నదైనా ఎంత నష్టం చేస్తుందో అప్పుడే అర్థమవుతుంది. బంతి వదలాల్సిన గీతని ఫౌల్ లైన్ అంటారు. అక్కణ్ణుంచి మొదటి పిన్ను 60 అడుగుల దూరంలో, అంటే 18.29 మీటర్ల అవతల ఉంటుంది. లేన్ వెడల్పు మూడున్నర అడుగులే, ఒక మీటరు 5 సెంటీమీటర్లు. రెండు పక్కలా కాలవలు. గీతకి ఇవతల నడవడానికి కనీసం 15 అడుగుల చోటు ఉంటుంది. ఆ నడకనే అప్రోచ్ అంటారు. ఆ జాగానీ అదే పేరుతో పిలుస్తారు. గీత దాటి కాలు పడితే ఎన్ని పిన్నులు పడినా ఆ బంతికి సున్నాయే.

లేన్ మధ్యనుంచి వదిలిన బంతి ఒక్క డిగ్రీ పక్కకి తిరిగిందనుకోండి. 18 మీటర్లు దొర్లేసరికి అది 32 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. ఒకటీ ముప్పావు డిగ్రీ తిరిగితే కాలవే. గడియారంలో నిమిషాల ముల్లు పదిహేడు సెకన్లలో తిరిగే కోణం అంత. ఆరు కిలోల బరువు చేత్తో పట్టుకుని నడుస్తూ, ఒంటికాలి మీద జారుతూ, ఆ మాత్రం గురి తప్పకుండా వదలాలి. కండబలాన్ని నమ్ముకుని అయ్యే పని కాదిది. కండరం మొదటి బంతికి ఒకలా లాగుతుంది, పదో బంతికి ఇంకోలా లాగుతుంది. కాఫీ తాగితే ఒకలా, మేనకోడలు నవ్వితే ఇంకోలా. ఎప్పుడూ ఒకేలా లాగేది ఒక్కటే ఉంది, భూమి.

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో సరళ లోలకం ప్రయోగం చేయని సైన్సు విద్యార్థి తెలుగునాట ఉండడు. చీల్చిన బెండులో దారం బిగించి, దానికి లోహపు గుండు కట్టి, చిన్నగా ఊపి వదిలి, 20 ఊపులకి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసేవాళ్లం. ఆ ప్రయోగంలోంచి చాలామందికి మిగిలింది మార్కులే గానీ, అందులో ఒక వింత ఉంది. గుండు ఇనుపదైనా ఇత్తడిదైనా, చిన్నదైనా పెద్దదైనా ఊపుకి పట్టే సమయం మారదు. దాన్ని మార్చేది దారం పొడవు ఒక్కటే. పీసా చర్చిలో ఊగే దీపాన్ని చూస్తూ కుర్ర గెలీలియో తన నాడి పట్టుకుని లెక్కపెట్టాడన్న కథ నిజమో కాదో గానీ, ఈ సూత్రాన్ని పట్టుకుని 1656లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ లోలకపు గడియారం తయారుచేశాడు. తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లు ప్రపంచం టైము దాని మీదే చూసుకుంది.

బౌలింగ్ ఆడేవాడి చెయ్యి కూడా లోలకమే. భుజం దగ్గర వేలాడదీసి ఉంది. కింద గుండుకి బదులు బంతి. భుజం కీలు నుంచి బంతి మధ్య దాకా కొలిస్తే పెద్దవాళ్లకి సుమారు 75 సెంటీమీటర్లు వస్తుంది. ఆ పొడవుని గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీసి, రెండు పైలతో హెచ్చిస్తే 1.74 సెకన్లు. ముందునుంచి వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకి రావడానికి చేతికి పట్టే సమయం అది. పుస్తకంలోని ఈ సూత్రం చిన్న ఊపులకే సరిగ్గా పనిచేస్తుంది. ఊపు పెద్దదైతే సమయం కాస్త పెరుగుతుందని హైగెన్స్‌కీ తెలుసు. చెయ్యి వెనకాల భుజం ఎత్తుకి లేచేంత పెద్ద ఊపైతే 18 శాతం పెరిగి రెండు సెకన్లు దాటుతుంది. అంటే పైనుంచి కిందికి రావడానికి అర సెకను. కిందినుంచి పైకి పోవడానికి ఇంకో అర సెకను.

ఇప్పుడు కాళ్ల సంగతి చూడండి. మామూలుగా నడిచే మనిషి నిమిషానికి 100 నుంచి 120 అడుగులు వేస్తాడు. అంటే అడుగుకి అర సెకను, కాస్త అటూ ఇటూ. ఇదేమీ గారడీ కాదు. తుంటి దగ్గర వేలాడుతున్న కాలు కూడా లోలకమే కదా. బంతి పట్టుకున్న చెయ్యీ, నడిచే కాలూ ఇంచుమించు ఒకే తాళానికి ఊగేలా మన ఒళ్లే అమరింది. ఈ ఆటలో మనిషి చేయాల్సిందల్లా ఆ అమరికని చెడగొట్టకుండా ఉండడం. నేను చేసింది సరిగ్గా చెడగొట్టడమే.

నాలుగడుగుల అప్రోచ్‌ని నెమ్మదిగా చూద్దాం. కుడిచేతి వాటం మనిషి అనుకోండి. బంతిని రొమ్ముకీ నడుముకీ మధ్య, కుడి భుజానికి సూటిగా పట్టుకుని నిలబడతాడు. బరువులో ఎక్కువ భాగం ఎడమ చెయ్యి మోస్తుంది. మొదటి అడుగు కుడికాలిది. ఆ కాలితోపాటే బంతి ముందుకి వెళ్తుంది. ఎవరికో పళ్లెం అందిస్తున్నట్టు ఉంటుంది ఆ కదలిక, తోపులో విసురు ఉండదు. ఆట మొత్తంలో మనం పూనుకుని చేయాల్సిన పని ఇదొక్కటే. రెండో అడుగు ఎడమకాలిది. ఎడమ చెయ్యి బంతిని విడిచిపెడుతుంది, బంతి తన బరువుకి తనే కిందికి జారి కుడికాలి పక్కకి వస్తుంది. మూడో అడుగు పడేటప్పుడు బంతి వెనకాల తన పై కొసకి చేరుతుంది. అక్కడ క్షణకాలం దానికి బరువే లేనట్టు ఆగుతుంది. ఉయ్యాల పై కొసలో పొట్టలో కలిగే ఆ తేలికదనమే ఇది. నాలుగో అడుగు మళ్లీ ఎడమకాలిది, అయితే అది జారుడు. కాలు గీత వైపు జారుతుంటే బంతి కిందికి దిగుతుంది. కాలు ఆగబోయే వేళకి బంతి మడమ పక్కకి చేరుతుంది. అదే వదలాల్సిన చోటు.

అడుగుకి పావు ఊపు. నాలుగడుగులు, మూడు పావులు, మొదట ఒక అందింపు. ఐదడుగులు వేసేవాళ్లు ముందు ఒక ఎడమ అడుగు ఊరికే వేసి ఇదే వరస నడుస్తారు.

కావడి మోసేవాళ్ల నడక చూసినవాళ్లకి ఇది కొత్తగా తోచదు. వెదురుబద్ద రెండు కొసలూ కిందికీ పైకీ ఊగుతుంటే, మోసే మనిషి ఆ ఊగుకి సరిపోయేలా చిన్నచిన్న అడుగులు చకచకా వేస్తూ పోతాడు. బద్ద ఊగే వేగాన్ని తన ఇష్టానికి మార్చబోడు, దాని వేగానికి తన అడుగు కలుపుతాడు. కలిసినంతసేపూ బరువు భుజాన్ని నొక్కదు. తప్పిందా, కుండలో నీళ్లు ఒలుకుతాయి. బౌలింగ్‌లోనూ పెత్తనం ఊపుదే, కాళ్లు కొలువు చేసేవి. పెద్దాయన అన్న రెండు పాటల సంగతి నాకు కావడి గుర్తొచ్చాకే తలకెక్కింది.

రెండు పాటలూ కలవకపోతే తప్పు రెండు రకాలుగా బయటపడుతుంది. బంతి ముందు వచ్చేసి కాలు ఇంకా గీత చేరకపోవడం ఒకటి. దాన్ని తొందర టైమింగ్ అనవచ్చు. అడుగు వేయకముందే బంతిని తోసేసినా, వెనక కొసకి చేరకముందే చెయ్యి దాన్ని ముందుకి లాగేసినా ఇలాగే అవుతుంది. బంతి ముందుకి లాగేస్తుంటే నడుము వంగి, భుజం కిందికి పడి, మనిషి బంతి వెంట పడబోతున్నట్టు కనిపిస్తాడు. దీనికి తిరగేసినది రెండోది. కాలు వచ్చి ఆగిపోయింది, బంతి ఇంకా వెనకే ఉంది. అప్పుడు దాన్ని బలవంతంగా లాక్కురావాలి. ఆ లాగుడికి భుజం తిరిగిపోతుంది, బంతి ఒంటికి అడ్డంగా ఎడమకి పోతుంది.

మొదటిదానితో పోలిస్తే రెండోది కాస్త నయం అంటారు ఆడేవాళ్లు. కాలు ముందుగా నేల పట్టుకుంటే ఒంటికి ఆధారం దొరుకుతుంది, బంతికి బలం చేరుతుంది. గట్టిగా తిప్పి వదిలే ఆటగాళ్లు కావాలనే బంతిని రవ్వంత ఆలస్యం చేస్తారు కూడా. నేర్చుకునేవాళ్లకి ఆ సరదా వద్దు.

నా బంతి దబ్బున పడడానికి లెక్క కూడా ఇందులోనే దొరికింది. భుజం ఎత్తునుంచి దిగిన చెయ్యి కింది కొసలో సెకనుకి దాదాపు 290 డిగ్రీల వేగంతో తిరుగుతుంటుంది. బొటనవేలు రంధ్రంలోంచి రావడం సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైతే చాలు, చెయ్యి అప్పటికే 15 డిగ్రీలు పైకి లేచిపోయి ఉంటుంది. బంతి నేల మీదికి జారకుండా గాల్లోకి లేచి పడుతుంది. బలంగా పట్టుకున్నవాడికి బొటనవేలు ఆలస్యంగానే వస్తుంది. పిడికిలి బిగిస్తే ఎవరికైనా అంతే.

మరి వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకూ మొదట ఇదే అనుమానం. చెయ్యి ఊరికే వేలాడితే బంతి పిన్నుల దాకా వెళ్తుందా? 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి దిగిన ఏ వస్తువైనా కిందికి వచ్చేసరికి సెకనుకి 3.8 మీటర్ల వేగం పుంజుకుంటుంది. దానికి నడక వేగం, సెకనుకి రెండు మీటర్లు, కలపండి. దాదాపు ఆరు మీటర్లు, అంటే గంటకి 21 కిలోమీటర్లు. కండరం పైసా ఖర్చు పెట్టకుండా వచ్చిన వేగం ఇది. పది పిన్నులూ పడగొట్టడానికి ఇది చాలు. ఆరితేరినవాళ్ల బంతి గంటకి 29 కిలోమీటర్ల చుట్టుపక్కల పోతుంది. వాళ్ల చెయ్యి భుజం కన్నా పైకి లేస్తుంది, కాళ్లు చురుగ్గా నడుస్తాయి, చివర కాలు నేలని తన్నిపెడుతుంది. మీకు ఇంకాస్త వేగం కావాలంటే మొదట బంతిని పట్టుకునే ఎత్తు ఒక జానెడు పెంచండి. ఎంత ఎత్తునుంచి వదిలితే వెనక అంత ఎత్తుకీ లేస్తుంది. ఉయ్యాలకి తెలిసిన న్యాయమే. వేగం తగ్గాలంటే కిందికి దించి పట్టుకోండి. చేతిని అడగక్కర్లేదు.

టైమింగ్ కథ ఇంతవరకూ. అసలు నన్ను ఆశ్చర్యపరిచింది రెండోది, నిలకడ.

లోలకం కింది కొసకి వచ్చినప్పుడు దారం ఎంత బిగుసుకుంటుంది? గుండు బరువంత అనుకుంటాం. అది వేలాడుతూ కదలకుండా ఉంటే అంతే. ఊగుతున్నప్పుడు గుండు వంపు తిరగాలి, దాన్ని వంపు తిప్పడానికి దారం అదనంగా లాగాలి. అడ్డంగా చాచిన స్థితినుంచి, అంటే భుజం ఎత్తునుంచి దిగిన గుండైతే ఆ అదనం గుండు బరువుకి సరిగ్గా రెట్టింపు. మొత్తం కలిపి మూడు రెట్లు. దారం పొడుగైనా పొట్టిదైనా ఈ మూడు రెట్లు మారదు. కాగితం మీద రెండు వరసల్లో తేలిపోయే లెక్క ఇది, అయినా మళ్లీ ఒకసారి వేసి చూసుకున్నాను.

ఆరు కిలోల బంతి, వదలబోయే ఆ క్షణంలో, కుడి భుజాన్ని పద్దెనిమిది కిలోల బరువులా కిందికి లాగుతుంది. సరిగ్గా అప్పుడే మనిషి ఒంటికాలి మీద ఉంటాడు. అది కూడా ఎడమకాలు. పైగా జారుతున్న కాలు.

65 కిలోల మనిషిని తీసుకుందాం. భుజం ఒంటి మధ్యనుంచి 20 సెంటీమీటర్లు కుడికి ఉంటుంది. అక్కడ వేలాడే పద్దెనిమిది కిలోల లాగుని సరిచేయాలంటే మిగతా ఒళ్లంతా అయిదున్నర సెంటీమీటర్లు ఎడమకి జరగాలి. పాదం వెడల్పే పది సెంటీమీటర్లు. మధ్యనుంచి అంచుకి అయిదే. ఏ సర్దుబాటూ చేయకుండా నిటారుగా నిలబడితే గరిమనాభి పాదం అంచు దగ్గరికి వచ్చేసినట్టే. మనిషి కుడికి ఒరుగుతాడు, ఒరగకుండా తమాయించుకోబోతే భుజం తిరుగుతుంది. భుజం రెండు డిగ్రీలు తిరిగితే బంతి ఎక్కడికి పోతుందో ముందే చూశాం.

నీళ్లబిందె చంకన పెట్టుకుని నడిచే ఆడవాళ్లని గుర్తుచేసుకోండి. బిందె ఎడమ చంకలో ఉంటే నడుము కుడికి ఒరుగుతుంది, ఖాళీగా ఉన్న కుడి చెయ్యి దూరంగా తెరుచుకుంటుంది. బకెట్ పట్టుకున్నా అంతే. ఎవరూ నేర్పరు, బరువే నేర్పుతుంది. బౌలింగ్‌లోనూ అదే చేయాలి, కాకపోతే బిందె ఉన్నట్టుండి మూడింతలు బరువెక్కి, మరుక్షణం మాయమైపోతుంది.

మంచి ఆటగాడు బంతి వదిలేటప్పుడు తీసిన ఫోటో ఏదైనా చూడండి. కుడికాలు తిన్నగా వెనక్కి ఉండదు. ఎడమకాలి వెనకనుంచి దాటి ఎడమ పక్కకి చాచి ఉంటుంది. ఒక రకంగా తోకలాగా. ఎడమ చెయ్యి పక్కకి, కాస్త వెనక్కి చాచి ఉంటుంది. చూసేవాళ్లకి అది నాట్య భంగిమలా, ఇంకొందరికి ఫోజు కొట్టడంలా కనిపిస్తుంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మనిషి కాలు ఒంటి బరువులో ఆరో వంతు ఉంటుంది, చెయ్యి ఇరవయ్యో వంతు. 65 కిలోల మనిషికి కాలు పది కిలోల పైన, చెయ్యి మూడు కిలోల పైన. ఆ రెంటినీ ఎడమకి చాస్తే కుడిపక్క లాగుడులో చాలా భాగం చెల్లుకు చెల్లు. మిగిలిందేదైనా ఉంటే తుంటి కాస్త ఎడమకి జరిగి తీరుస్తుంది. అలా చాచిన కాలికి ఇంకో లాభమూ ఉంది. కుడి తుంటి దారికి అడ్డం తొలగుతుంది, బంతి కాలిని తప్పించుకునే పని లేకుండా సూటిగా దిగుతుంది. కాలు అడ్డం తీయనివాళ్ల చెయ్యి తుంటిని చుట్టి రావాలి. చుట్టి వచ్చిన బంతి సూటిగా ఎలా పోతుంది?

ముందూ వెనకల నిలకడ వేరే సంగతి. నడిచి వస్తున్న ఒళ్లు గీత దగ్గర ఆగాలి. గోడకి కొట్టుకున్నట్టు ఆగితే తల ముందుకి విసురుకుంటుంది. అందుకే జారుడు. కుడిచేతి వాటం ఆటగాళ్లు కొనుక్కునే బూట్లలో ఎడమదాని అడుగు నున్నగా ఉంటుంది, కుడిదాని అడుగు పట్టు ఇస్తుంది. అద్దె బూట్లలో రెండూ నున్నవే, ఎవరికిస్తారో తెలీదు కాబట్టి. ఆ అడుగున ఒక్క నీటిచుక్క అంటినా కాలు జారకుండా అంటుకుపోతుంది, ఒళ్లు మాత్రం ఆగదు. మోకాలు విరగ్గొట్టుకునేది అప్పుడే. కూల్‌డ్రింకు గ్లాసులు పట్టుకుని అప్రోచ్ మీద తిరిగే పిల్లల్ని చూస్తే ఇప్పుడు నాకు గుండె ఆగినంత పనవుతుంది. జారేటప్పుడు ఎడమ మోకాలు వంగి ఉండాలి, తల ఆ మోకాలికి పైన ఉండాలి, ముందుకి దాటకూడదు. వంగిన మోకాలు బండికి షాక్ అబ్జార్బర్ లాంటిది. పైగా ఒళ్లు కిందికి దిగితే బంతి నేలకి దగ్గరగా వస్తుంది, దబ్బున పడే దూరమే ఉండదు.

అమెరికాలో వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ అని ఒక ఆటగాడున్నాడు. పీబీఏ అనే వృత్తి ఆటగాళ్ల సంఘం పోటీల్లో 47 టైటిళ్లు గెలిచాడు, ఎవరూ అన్ని గెలవలేదు. దానితోపాటు గుర్రపు లాడాన్ని ఊపి దూరంగా పాతిన మేకుకి తగిలించే ఆటలో ఆరుసార్లు ప్రపంచ విజేత. కాలేజీలో చదివింది ఫిజిక్స్. చేతిని లోలకంలా ఊపడమే రెండు ఆటల్లోనూ ప్రాణం కాబట్టి, ఈయన జీవితమంతా ఒకే ప్రయోగం చేశాడనుకోవచ్చు. నార్మ్ డ్యూక్ అని ఇంకొకాయన 1983లో, 18 ఏళ్ల వయసులో మొదటి పీబీఏ టైటిల్ గెలిచి, మొత్తం 40 దాకా వెళ్లాడు. చిన్న ఒళ్లు. ఆయన ఆట వీడియోలో చూస్తే ఎక్కడా గుంజుడు కనిపించదు. బలం లేకపోతే ఆట రాదనుకునేవాళ్లు ఆయన్ని ఒక్కసారి చూడాలి.

ఇదంతా ఒంటిచేతి ఆట గురించి. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మాంటే రెండు చేతులతో ఆడి 15 మేజర్ టైటిళ్లు గెలిచి రికార్డు పెట్టాడు. పసివాడిగా బంతి ఎత్తలేక రెండు చేతులూ వాడడం మొదలుపెట్టి, పెద్దయ్యాక కూడా మానలేదు. రెండు చేతులు పట్టుకున్న బంతి భుజంనుంచి అంత స్వేచ్ఛగా వేలాడదు, ఒళ్లంతా తిరిగి దాన్ని తెస్తుంది. టైమింగ్ లెక్కే మారిపోతుంది. దాని జోలికి ఇక్కడ పోను. మా మేనకోడలు మాత్రం ఆ సంగతి విన్నప్పటినుంచి తనది బెల్మాంటే పద్ధతి అని చెప్పుకుంటోంది.

ఇంట్లో చేసి చూడదగ్గది ఒకటుంది. తాళంచెవుల గుత్తికి దారం కట్టి, పట్టుకున్న చోటునుంచి గుత్తి మధ్యకి 75 సెంటీమీటర్లు ఉండేలా చూసుకోండి. చిన్నగా ఊపి పది ఊపులు లెక్కపెట్టండి. ఫోనులో స్టాప్‌వాచ్ పదిహేడున్నర సెకన్ల దగ్గర ఆగుతుంది. తర్వాత తాళంచెవులు తీసి లీటరు నీళ్ల సీసా కట్టండి, సీసా మధ్యకి అదే కొలత ఉంచండి. మళ్లీ అంతే. ఆ ఊగు పక్కనే నిలబడి, గుత్తి అటు కొసకి, మధ్యకి, ఇటు కొసకి చేరిన ప్రతిసారీ ఒక అడుగు వేసి చూడండి. కాస్త గబగబా నడవాల్సి వస్తుంది. బంతితో ఊపు పెద్దది కాబట్టి అక్కడ ఇంత తొందర ఉండదు. కాలికి తాళం ఎక్కడానికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

తర్వాతి ఆదివారం వెళ్తే పెద్దాయన అక్కడే ఉన్నారు. ముందు నా చేతిలో 14 తీయించి 11 పెట్టించారు. బంతి తేలికైతే ఊపు వేగం మారదని నేను లెక్క చెప్పబోయాను. "ఊపు మారదు సార్, మీ పిడికిలి మారుతుంది" అన్నారు. నిజమే. బరువు తగ్గగానే పిడికిలి సడలింది, చెయ్యి నిజంగా వేలాడటం మొదలైంది. తర్వాత గీత దగ్గరే నిలబెట్టి, అడుగు వేయకుండా ఊరికే ఊపి ఆపించారు, వదలనివ్వలేదు. అలా ఇరవైసార్లు. ఆ తర్వాత ఒక్క జారుడు అడుగుతో వదిలించారు. నాలుగడుగులూ కలపనివ్వడానికి గంట పట్టింది. లెక్క కోసం "అందించు, దిగు, ఆగు, జారు" అని నాలుగు మాటలు చెప్పారు. మూడో మాట దగ్గర నేను ప్రతిసారీ తొందరపడ్డాను. వెనక కొసలో బంతి ఆగే ఆ క్షణం దాకా ఓపిక పట్టడం, రాసినంత తేలిక కాదు.

చివరగా ఒక పరీక్ష పెట్టారు. "వదిలాక బంతి పిన్నుల్ని కొట్టేదాకా కదలకండి. కుడికాలు నేలకి ఆనకూడదు." నాలాంటివాళ్ల బంతి ఆ 60 అడుగులు దాటడానికి మూడు సెకన్ల దాకా పడుతుంది. ఒంటికాలి మీద మూడు సెకన్లు ఏమంత గొప్ప అనుకున్నాను. మొదటి బంతికి సెకను కూడా నిలబడలేదు. పదిహేను కిలోలు చేతిలోంచి మాయమవుతుంటే ఒళ్లు గంతేస్తుంది.

మొన్నటి ఆదివారం పది బంతులు వేశాను. ఆరుసార్లు కదలకుండా నిలబడగలిగాను, ఆ ఆరింట్లో ఒక్కటీ కాలవలోకి పోలేదు. నిలబడలేకపోయిన నాలుగింట్లో మూడు పోయాయి. లెక్క మేనకోడలు రాసిపెట్టింది.